దానికి తెలియకూడదు

ఆయన పోయిన సంగతి మా విన్నిపెగ్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో చూశాను. నేను చూసేసరికే చేతులు జోడించిన బొమ్మలు తెర నిండా పడి ఉన్నాయి. "నిద్రలోనే పోయారట, ఏమీ తెలియలేదట, అదృష్టవంతులు" అని ఎవరో రాశారు. దాని కింద అందరూ ఔనంటే ఔనన్నారు. నాకు ఒళ్ళు మండింది. తెలియలేదని నీకెవరు చెప్పారయ్యా, పోయినాయన లేచొచ్చి చెప్పాడా అని టైపు చేశాను. మా ఆవిడ నా భుజం మీదుగా చూసి "తీసెయ్యండి" అంది. తీసేశాను.

ఆయన మత్తు డాక్టరు. పల్నాటి మనిషి. ఇక్కడి పెద్దాసుపత్రిలో ఎన్నో ఏళ్ళు జనాన్ని నిద్రపుచ్చి, లేపి, ఇంటికి పంపించారు. మా వాళ్ళందరికీ ఆయన ఉత్త "డాక్టర్ గారు." ఊళ్ళో ఇంకా బోలెడుమంది తెలుగు డాక్టర్లున్నా, ఆ పేరు మాత్రం ఆయనదే. ఎవరైనా నిద్రపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయేవారు. గుడిలో భజనకు వచ్చి కునికిపాట్లు పడే పెద్దమనిషి పక్కకు చేరి, ముక్కు దగ్గర వేలు పెట్టి, "ఊపిరి బాగుంది, పడుకోనీండి" అని సర్టిఫికెట్ ఇచ్చేవారు. ఆ పెద్దమనిషి ఉలిక్కిపడి లేచి తిట్టేవాడు. తాను మాత్రం పరాయి ఇంట్లో కన్ను మూసేవారు కాదు. నా కారులో అన్నేసి గంటలు తిరిగారు గానీ ఒక్క కునుకు తీసిన పాపాన పోలేదు.

ఇక పావురాల సంగతి. రిటైరయ్యాక, ఆయన భార్య, మా ఆంటీ, పోయాక, ఆయనకు మిగిలిన వ్యాపకం అదొక్కటే. ఊరి బయట పొలాల్లో బఠాణీ, బార్లీ కోతలయ్యాక నేల మీద రాలిన గింజలకు పావురాలు గుంపులు గుంపులుగా దిగుతాయి. ఇనుప గాదెల మీద, పశువుల దాణా మీద రెట్టలు వేసి పాడు చేస్తాయని రైతులకు అవంటే మంట. ఒక ఉక్రేనియన్ ముసలి రైతు ఆయనకు తన పొలంలో ఎప్పుడైనా వచ్చి కాల్చుకోమని చెప్పేశాడు. అలా ఆయన శనివారం శనివారం తుపాకి పట్టుకుని బయల్దేరేవారు. అది తెలిసి మా తెలుగు ఆడవాళ్ళు "హవ్వ, పావురాల్నా!" అని నోళ్ళు నొక్కుకున్నారు. ఒకావిడ గుడి మెట్ల దగ్గరే నిలదీసింది.

"ఏమండీ డాక్టర్ గారూ, మీరు పావురాలను చంపుతారట?"

"చంపుతానమ్మా," అన్నారాయన. "హింస మాత్రం పెట్టను."

ఆవిడ ప్రసాదం ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

నేను ఇందులో ఎలా ఇరుక్కున్నానంటే, నా ఖర్మ, నాకు కారుంది, శనివారాలు సెలవుంది, కాదనడం చేతకాదు. ఆయన రెండు కళ్ళకూ నడిమధ్యలో ఏదో మచ్చ వచ్చిందని అధికారులు డ్రైవింగ్ లైసెన్సు తీసేసుకున్నారు. "ఎదురుగా కూర్చున్న మనిషి చెవులు కనపడతాయయ్యా, ముఖమే కనపడదు" అనేవారు నవ్వుతూ. మనిషిని చూడాలంటే తల పక్కకు తిప్పి, కంటి కొసతో చూసేవారు. మొదటిసారి చూసినవాళ్ళు ఆయనకు పొగరనుకునేవారు.

"మరి తుపాకి ఎట్ల కాలుస్తరు సార్?" అన్నాను. నాది వరంగల్. ఆయన దగ్గర భయంతో నా భాష బయటికి వచ్చేస్తుంది.

"కదిలేది పక్కచూపుకే బాగా అందుతుంది. నువ్వు బండి తోలు, అది నేను చూసుకుంటా."

చూసుకునేవారు, కాదనను. పొద్దున్నే పొలానికి చేరి ముందు గాలి ఎటునుంచి వస్తోందో చూసేవారు. గాలికి వీపు పెట్టి, గడ్డి మోపుల చాటున వల కట్టి మాటు వేసేవారు. ఎదురుగా ప్లాస్టిక్ పావురాలను గాలివైపు ముఖం చేసి పరిచేవారు. వాటిని ఆయన "దీమం" అనేవారు. పిట్టను పిలవడానికి పెట్టే పిట్ట అని అర్థమట. వాళ్ళ ఊళ్ళో వేటగాళ్ళ మాట. నడుమ కొంత నేల ఖాళీగా వదిలేవారు, వచ్చేవి దిగడానికి. దానికవతల ఒక కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టేవారు. ఆ గుడ్డ దాటి ఉన్న పిట్ట ఒక్క దెబ్బకు చావదు, దాని జోలికి పోకూడదు. ఎంత ఆశ పెట్టినా సరే, పోకూడదు.

మంకీ క్యాపు మీద వేటగాళ్ళ టోపీ, ఒళ్ళో ఫ్లాస్కు, ఫ్లాస్కులో మిరియాల చారు. అదీ మాటులో ఆయన అవతారం. నేను పక్కన ముడుచుకుని కూర్చుని చలిని, ఆయన్ని, నన్ను వరసగా తిట్టుకునేవాణ్ణి. నాకు తుపాకి లైసెన్సు లేదు, అక్కర్లేదు కూడా. నా డ్యూటీ ఒక్కటే. పిట్ట ఎక్కడ పడిందో చూసి, దాని మీదనుంచి కన్ను తీయకుండా ఉండడం.

పావురాలు వచ్చేవి. పైన ఒక చుట్టు చుట్టి, కింద తమవాళ్ళు మేస్తున్నారనుకుని గాలికి ఎదురుగా తిరిగి రెక్కలు చాపేవి. నేను ఊపిరి బిగబట్టేవాణ్ణి. ఆయన కదిలేవారు కాదు.

"ఇంకా కాదు," అని గుసగుసగా అనేవారు. "కాళ్ళు దించనీ. కాళ్ళు దించిందంటే దిగడానికి నిశ్చయించుకుంది. దాని ధ్యాసంతా గింజ మీద ఉంది. అప్పుడు పోవాలి. దానికి తెలియకూడదు."

ఒక్క దెబ్బ. పిట్ట రాయిలా పడేది. రెండో పిట్ట పక్కనే ఎగురుతున్నా కాల్చేవారు కాదు. ముందు తుపాకి దించి, లేచి వెళ్ళి, పడినదాన్ని చేతిలోకి తీసుకుని, గ్లోవు విప్పి చిటికెన వేలి కొసతో దాని కంటిని తాకేవారు. ప్రాణముంటే రెప్ప కొడుతుంది. థియేటర్లో మత్తు ఎక్కిందో లేదో చూడ్డానికి రోగి కనురెప్ప వెంట్రుకలను అలాగే తాకి చూసేవారట, ఎన్నో ఏళ్ళ అలవాటు. రెప్ప కదలకపోతే ఈకలు సవరించి, ముక్కు మీద రక్తం ఉంటే తుడిచి, ఆ పిట్టను కూడా ప్లాస్టిక్ వాటి మధ్య కూర్చోబెట్టేవారు. గడ్డం కింద చిన్న పుల్ల గుచ్చి తల నిలబెడితే అచ్చం మేస్తున్నట్టే ఉండేది. ప్లాస్టిక్ కంటే అసలుదాన్ని చూస్తేనే పైవాటికి నమ్మకం ఎక్కువ. నేను "చచ్చినదానితో కూడా డ్యూటీ చేయిస్తున్నరు" అంటే ముసిముసిగా నవ్వేవారు.

ఒకసారి ఒకటి తప్పింది. గాలి విసిరికొట్టిందో ఏమో, పిట్ట తూలి, రెక్క వేలాడేసుకుని పొలం అంచున చెట్ల వరసలోకి వెళ్ళి పడింది. ఆయన తుపాకిలో తూటాలు తీసేశారు. "పద" అన్నారు. ఆ ముళ్ళపొదల కింద మధ్యాహ్నం దాకా పాకాం. డెబ్బై దాటిన మనిషి మోకాళ్ళ మీద, నేను వెనక. పైన పావురాలు గుంపులుగా తిరుగుతున్నాయి, ఇటు ఆయనకు వాటి ఊసే లేదు. నేను విసిగిపోయాను.

"పోనీండి సార్, ఏ నక్కో తినేస్తది."

"నక్క తినేదాకా దానికి ఎట్టా గడుస్తుందో నీకేమన్నా తెలుసా?" ఆ గొంతులో అంత కోపం నేను ముందెప్పుడూ వినలేదు.

దొరికింది. ఆకుల కింద నక్కి ఉంది. రెండు చేతులతో పట్టుకుని "అయిపోయిందమ్మా, అయిపోయింది" అంటూనే పని ముగించేశారు. తర్వాత చాలాసేపు చేతులు తుడుచుకుంటూ కూర్చున్నారు. "దొరికింది గనక సరిపోయింది. ఏ రోజు నా చేతి కింద ఒక్కటి బాధపడుతూ మిగిలిందో, ఆ రోజు ఈ తుపాకి దించేస్తా. నాకు కనపడకపోతే నువ్వు చెప్పాలి" అన్నారు. సరేనన్నాను.

కొట్టిన పావురాలను ఆయన పారేసేవారు కాదు. గరాజులో గ్యాసుపొయ్యి పెట్టుకుని, మిరియాలూ వెల్లుల్లీ దట్టించి వేయించేవారు. బేస్‌మెంట్లలో అద్దెకుండే మన కుర్రాళ్ళు వాసన పట్టి వచ్చేసేవారు. మా ఆవిడ నన్ను మాత్రం స్నానం చేస్తే గానీ వంటింట్లోకి రానిచ్చేది కాదు.

ఆయనకు ఎందుకిలాంటి పట్టుదలని మా వాళ్ళు తలా ఒక కథ అల్లారు. ఆంటీ చాలాకాలం మంచాన పడి పోయారు కాబట్టి అని ఒకరు, చిన్నప్పుడు ఏదో చూశారని ఒకరు. అన్నీ కాకమ్మ కథలు. ఆయన నాకు స్వయంగా చెప్పిందొక్కటే. ఒక శనివారం పిట్టలు రాక, చారు తాగుతూ ఊరికే కూర్చున్నప్పుడు చెప్పారు.

"మేము రెండు మందులిస్తామయ్యా. ఒకటి నిద్రకు. రెండోది ఒళ్ళు కదలకుండా, డాక్టరు కోసుకోవడానికి వీలుగా. నిద్రమందు కాస్త తక్కువై, రెండోది మాత్రం పనిచేసిందనుకో. మనిషి మెలకువగానే ఉంటాడు. కోత తెలుస్తుంది. వేలు కదపలేడు, అరవలేడు. పైనుంచి చూసేవాడికి హాయిగా పడుకున్నట్టే ఉంటాడు."

"అమ్మో! అట్ల అయితదా?"

"ఎక్కడో, ఎప్పుడో. ఇప్పుడు మిషన్లున్నాయి, చాలా తక్కువ. నేను వయసులో ఉన్నప్పుడు కంటినీ వేలినీ నమ్ముకున్నాం." ఫ్లాస్కు మూత బిగించారు. "చావంటే నాకేం భయం లేదు. ఇదొక్కటే నన్ను పట్టుకుంది."

పోయిన అక్టోబరు చివర్లో ఒక శనివారం. చలి ఎముకలు కొరికేస్తోంది. అలాంటి రోజుల్లో ఇంట్లో పడుకోవాలి, పొలంలో కాదు. కానీ పిట్టలు బాగా వచ్చాయి. మొదటిది పొద్దెక్కకముందే పడింది. ఆయన వెళ్ళారు, గ్లోవు విప్పారు, కంటిని తాకారు, ఈకలు సవరించి, పుల్ల గుచ్చి, వరసలో అన్నిటికంటే ముందు కూర్చోబెట్టి వచ్చారు. ఆ తర్వాత ఆ పూటంతా ఒక్క దెబ్బా వృథా పోలేదు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "ఇంకా పోలేదయ్యా చెయ్యి" అన్నారు నాతో. నేను కూడా సంతోషించాను.

మధ్యాహ్నం సర్దుకునే వేళ నేను ప్లాస్టిక్ వాటిని సంచిలో వేస్తూ వెళ్ళి, ముందు వరసలో ఉన్న ఆ పిట్ట దగ్గర వంగాను. దాని రెప్ప కిందికి దిగి మళ్ళీ పైకి లేచింది. నారింజ రంగు కన్ను. నన్నే చూస్తోంది. నా చేతిలో సంచి జారిపోయింది.

"డాక్టర్ గారూ," అన్నాను, "ఇది చూస్తున్నది."

ఆయన వచ్చారు. తల పక్కకు తిప్పి చూశారు, ఇటొకసారి, అటొకసారి. ఇంకా కనపడలేదు కాబోలు, మోకాళ్ళ మీద కూలబడి దాని ముఖానికి ముఖం దగ్గరగా పెట్టారు. అప్పుడు కనపడింది. గడ్డం కింద పుల్ల తీసి, చేతుల్లోకి తీసుకుని, ఒక్క క్షణంలో ముగించేశారు. ఈసారి ఏమీ అనలేదు. తర్వాత వేళ్ళతో దాని వీపంతా తడిమారు.

"వెన్నులో తగిలింది. కాళ్ళూ రెక్కలూ పడిపోయాయి, అంతే. ఇది ఎన్నోది?"

అబద్ధం చెప్పాలనిపించింది. నోరు తిరగలేదు. "మొదటిదే సార్."

"నేను కన్ను ముట్టుకున్నానా?"

"ముట్టుకున్నరు. నేను చూసిన."

ఆయన తన చిటికెన వేలిని కళ్ళ ముందు పెట్టుకుని చూసుకున్నారు. చలికి కొయ్యబారి తెల్లగా ఉంది. "రెప్ప కొట్టే ఉంటుంది," అన్నారు. "వేలికి తెలియలేదు. కంటికి కనపడలేదు. పొద్దున్నుంచీ దాని ముందే దాని వాళ్ళను..."

నేనే అన్నీ సర్దాను. ఊళ్ళోకి వచ్చి మొదటి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "ఎంతమందో" అన్నారు. పావురాల గురించి కాదని నాకు అర్థమైంది.

తుపాకిని ఆ రైతుకే ఇచ్చేశారు. ఇక శనివారాలు నాకు నిజంగా సెలవే, కానీ నాకేమీ సంతోషం కలగలేదు. ఆయన ఇంకో పని మొదలుపెట్టారు. తన చేతి కింద ఆపరేషన్ అయిన మన తెలుగువాళ్ళను ఒక్కొక్కరినే వెతుక్కుంటూ వెళ్ళడం. ఆసుపత్రిని అడిగితే పేర్లు ఇవ్వరు కదా, కాబట్టి తనకు గుర్తున్నవాళ్ళు, గుడిలో కనపడేవాళ్ళు. ఆ మంచులో సిటీ బస్సులు పట్టుకుని, ఆ చూపుతో, ఇంటింటికీ వెళ్ళేవారు. కూర్చుని, కాఫీ తాగి, అడిగేవారు. "ఆ రోజు నీకేమైనా తెలిసిందా?"

అంతా నవ్వేవారు. "ఏం తెలుస్తుందండీ, సూది గుచ్చారు, కళ్ళు తెరిచేసరికి అయిపోయింది" అనేవారు. ఆయన వెళ్ళాక డాక్టర్ గారికి చాదస్తం ముదిరిందని ఒకరికొకరు ఫోన్లు చేసుకునేవారు. నాతోనూ అన్నారు. నేను దులిపేశాను, అది వేరే సంగతి.

"అందరూ ఒకే మాట చెప్తున్నారయ్యా" అన్నారు ఒకరోజు ఫోనులో.

"మంచిదే కద సార్."

"అందరూ ఒకే మాట చెప్తే నమ్మబుద్ధి కావట్లా. నన్ను చూసి జాలిపడి చెప్తున్నారేమో. రాత్రిళ్ళు కంటిమీద కునుకు రావట్లేదు."

మా ఇంటికి అందరికంటే ఆఖరున వచ్చారు. మా అబ్బాయి ఇప్పుడు హామిల్టన్‌లో చదువుతున్నాడు. వాడు పుట్టినప్పుడు ఉన్నట్టుండి బిడ్డ గుండె నెమ్మదించిందని మా ఆవిడను పరుగులమీద థియేటర్లోకి తీసుకుపోయారు. వెన్నులో సూది ఇచ్చే వ్యవధి కూడా లేక పూర్తి మత్తు ఇచ్చారు. ఇచ్చింది ఈయనే. మాకు ఆయనతో పరిచయం అలా మొదలైంది. అందుకే మా గడప తొక్కడానికి అంతకాలం జంకారేమో.

ఆదివారం మధ్యాహ్నం. మా ఆవిడ పెసరట్లు పోస్తోంది. ఆయన పళ్ళెం ముందు పెట్టుకుని ముట్టుకోలేదు.

"అమ్మాయ్, ఇటొచ్చి కూర్చో. నిన్నొకటి అడగాలి."

ఆమె స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. ఆయన తల పక్కకు తిప్పి, కంటి కొసతో ఆమె ముఖాన్ని వెతుక్కున్నారు.

"బాబు పుట్టినరోజు. నేను తొందరలో ఉన్నా. మందు సరిపోయిందనుకున్నా. నిజం చెప్పు తల్లీ, నన్ను చూసి దాచొద్దు. నీకేమైనా తెలిసిందా?"

"అయ్యో, ఏంటి అంకుల్ మీరు!" అంది నవ్వుతూ. "నాకేం తెలుస్తుంది? హాయిగా పడుకున్నాను. అంత మంచి నిద్ర నాకు మళ్ళీ ఎప్పుడూ పట్టలేదు. నర్సులు లేపితే విసుక్కున్నాను కూడా. తినండి, చల్లారిపోతున్నాయి."

ఆ విసుక్కున్న సంగతి విన్నాక ఆయన నమ్మారు. ఎలా తెలుసంటే, రెండట్లు తిని మూడోది అడిగారు. తర్వాత సోఫాలో వెనక్కి వాలి, మేము మాట్లాడుతుండగానే నిద్రపోయారు. పరాయి ఇంట్లో, పట్టపగలు! మా ఆవిడ దుప్పటి తెచ్చి కప్పింది. సాయంత్రం దాకా కదల్లేదు. నేను ఊరుకోలేక ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి బాగానే ఉంది.

ఆ తర్వాత ఇక ఎవరింటికీ వెళ్ళలేదు. రాత్రిళ్ళు నిద్ర పడుతోందని నాతో చెప్పారు. పోయింది కూడా నిద్రలోనే. కాల్గరీ నుంచి వచ్చి ఉన్న కొడుకు పొద్దున కాఫీ తీసుకెళ్ళి చూశాడు.

దహనమయ్యాక మేమిద్దరం కారులో తిరిగి వస్తున్నాం. నాకు ఏడుపు ఆగట్లేదు, చెప్పడానికి సిగ్గేమిటి. "ఏమైతేనేం, నీ మాటతో ఆయన ప్రాణం కుదుటపడ్డది" అన్నాను.

మా ఆవిడ కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. "వాడి మొదటి ఏడుపు నేను విన్నాను" అంది.

నాకు అర్థం కాలేదు. "ఎవరి ఏడుపు?"

"బాబుది. అంతకుముందు కోసింది కూడా తెలిసింది. కళ్ళు తెరుద్దామంటే రాలేదు, అరుద్దామంటే రాలేదు. అంకుల్ నా తల దగ్గరే నిలబడి, భయం లేదు, హాయిగా పడుకుంది అని వాళ్ళతో చెప్తున్నారు. కాసేపే. వాడి ఏడుపు విన్నాక మళ్ళీ ఏమీ తెలియలేదు."

నేను కారు పక్కకు తీసి ఆపేశాను. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే మంచం మీద పడుకున్నాం. "మరి ఆయన అంతగా బతిమాలి అడిగితే... ఆయనకన్నా చెప్పకపోతివి?" అన్నాను.

"ఇన్నేళ్ళలో అడిగింది ఆయనొక్కరే కదండీ," అంది. "అడిగినాయనకే ఎలా చెప్పమంటారు?"